మూత్రపు సంచితో పూజకు కూర్చోవచ్చా?



మొన్నటి వీడియోలో శౌచం గురించి చెప్పుకున్నాం. స్నానం, మడి, ఆచమనం, బాహ్య శౌచం, అంతశ్శౌచం, ఒక్కొక్కటీ ఎందుకు, ఎలా అని గంటన్నర మాట్లాడాను. అది చూసి ఒక అమ్మ ఫోన్ చేసింది. "గురువుగారూ, మా వారికి మూత్రాశయంలో క్యాన్సర్ వస్తే దాన్ని తీసేసి పొట్ట మీద సంచి పెట్టారండీ. ఆపరేషన్ అయి ఆరు నెలలు. అప్పట్నుంచీ దేవుడి గది గడప దాటట్లేదు. రోజూ సంధ్యావందనం మానని మనిషి ఇప్పుడు హాల్లో కూర్చుని టీవీలో అభిషేకం చూస్తున్నారు. మీ వీడియో చూశాక ఇంకా కుంగిపోయారు. ఆయన దీపం పెట్టచ్చా, పెట్టకూడదా, ఒక్క మాట చెప్పండి" అంది.

పెట్టచ్చమ్మా అన్నాను. ఆమెకు ఆ మాట చాలింది. కానీ ఆయనకు చాలదని నాకు తెలుసు. నాకూ అప్పట్లో ఒకరు అలాగే ఒక్క మాట చెప్పారు, అది నాకు ఒక్క పూటకు కూడా సరిపోలేదు. ఆ వీడియోలో మాట్లాడినంతసేపూ నా పంచె లోపల కూడా అలాంటి సంచే ఉంది. నాకు మూత్రాశయం తీసేసింది 2021లో. కెమెరా ముందు చెప్పడం కంటే రాయడం నాకు సులువు. అందుకని ఇది వీడియో కాకుండా ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఏం చేస్తారో తెలియాలి. తెలియకుండా శౌచం, అశౌచం అని మాట్లాడుకోవడం దండగ. మూత్రాశయపు గోడలోకి క్యాన్సర్ లోతుగా దిగితే చాలామందికి ఆ మూత్రాశయాన్ని మొత్తంగా తీసేస్తారు. మగవాళ్లయితే దానితో పాటు ప్రోస్టేట్ గ్రంథి కూడా పోతుంది. మూత్రపిండాలు రెండూ మామూలుగా పనిచేస్తూనే ఉంటాయి, వాటి నుంచి దిగే మూత్రానికే దారి ఉండదు. అప్పుడు చిన్నపేగు చివర నుంచి 15, 20 సెంటీమీటర్ల ముక్క కోసి తీసుకుని, మిగిలిన పేగును మళ్లీ కలిపి కుట్టేస్తారు. ఆ ముక్కకు ఒక కొసన రెండు మూత్రనాళాలనూ అతికించి, రెండో కొసను పొట్ట మీద, నాభికి కుడివైపు కాస్త కిందగా బయటకు తీస్తారు. అమెరికాలో యూజీన్ బ్రికర్ అనే సర్జన్ 1950లో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. ఇన్నేళ్లయినా ఇప్పటికీ ఎక్కువమందికి చేసేది ఇదే. బయటకు వచ్చిన ఆ కొసను స్టోమా అంటారు. ఎర్రగా, ఎప్పుడూ తడిగా, దానిమ్మ మొగ్గలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. దాని చుట్టూ చర్మానికి అంటుకునే ఒక బిళ్ల, ఆ బిళ్లకు ఒక సంచి. మూత్రం అందులోకి చేరుతుంది. సంచి కింద చిన్న కుళాయి లాంటిది ఉంటుంది, తిప్పితే ఖాళీ అవుతుంది.

ఇంతే సంగతి. సరిగ్గా అంటించుకుంటే వాసన రాదు. కానీ ఒక తేడా ఉంది, అన్ని చిక్కులూ అక్కడ నుంచే మొదలవుతాయి. మనకు మూత్రం "వస్తుంది", వెళ్లి "పోసుకుంటాం". ఈ ఆపరేషన్ తర్వాత ఆ రెండూ ఉండవు. ఆపేవాడూ లేడు, వదిలేవాడూ లేడు. పొద్దున, సాయంత్రం, నిద్రలో, నైవేద్యం పెడుతున్నప్పుడు, శఠారి తల మీద పెట్టించుకుంటున్నప్పుడు, బొట్టు బొట్టుగా దిగుతూనే ఉంటుంది.

జంధ్యం ఉన్నవాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను. లఘుశంకకు వెళ్లేటప్పుడు జంధ్యం కుడి చెవికి చుట్టుకోవాలని చిన్నప్పుడు నేర్పారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రెండో రోజు మంచం మీద పడుకుని నేను ఆలోచించింది ఇదే. ఇప్పుడు చెవికి ఎప్పుడు చుట్టుకోవాలి? ఇరవై నాలుగు గంటలూ చుట్టుకునే ఉండాలా? అసలు తీసి పక్కన పెట్టాలా? వింటే నవ్వొస్తుంది. మా అబ్బాయికి చెప్తే నిజంగానే నవ్వాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రాణం దక్కింది, ఇంకా ఇలాంటివేంటి అని మీరు అనుకోవచ్చు. కానీ యాభై ఏళ్ల పాటు రోజుకు ఐదారుసార్లు చేసిన పనికి ఇక అర్థం లేదని తేలితే, మనిషికి తనెవరో అనుమానం వస్తుంది.

శరీరాన్ని తొమ్మిది వాకిళ్ల ఊరు అంటుంది భగవద్గీత 5వ అధ్యాయం. ఆ ఊళ్లో దేహి ఏమీ చేయకుండా, ఏమీ చేయించకుండా సుఖంగా కూర్చుంటాడని. ప్రవచనాల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రెండు కళ్లు, రెండు చెవులు, రెండు ముక్కు రంధ్రాలు, నోరు, కిందివి రెండు. నా ఊళ్లో సర్జన్ గారు ఒక వాకిలి మూసేసి, గోడకు కన్నం వేసి ఇంకో వాకిలి పెట్టారు. లెక్క సరిపోయిందా తప్పిందా? తర్వాత కఠోపనిషత్తు తీసి చూశాను. అక్కడ పదకొండు వాకిళ్లు! నాభినీ, నడినెత్తి మీది బ్రహ్మరంధ్రాన్నీ కలిపి లెక్కపెట్టారు పెద్దలు. అంటే మన గ్రంథాలకే ఆ లెక్క మీద పట్టింపు లేదు. వాకిళ్లు ఎన్నైనా కావచ్చు, ఊరివాడు వేరు అన్నదే అక్కడి మాట. నాకు కొంత ఊరట కలిగింది. కొంతే. ఎందుకంటే నా సందేహం ఊరివాడి గురించి కాదు. ఆత్మకు అశౌచం లేదని అందరికీ తెలుసు. మడి కట్టుకునేది ఆత్మ కాదు కదా.

కాబట్టి వేదాంతంలోకి పారిపోకుండా ధర్మశాస్త్రంలోనే చూడాలి అనిపించింది. మనుస్మృతితో నాకు చాలా చోట్ల పేచీ ఉంది, ఆ మాట ఇదివరకు కూడా చెప్పాను. కానీ మన ఇళ్లలో పాటించే శౌచ నియమాల్లో చాలా వాటికి మూలం అక్కడే కనబడుతుంది. 5వ అధ్యాయంలో మనిషి ఒంటి మలాలు పన్నెండు అని జాబితా ఉంది. కొవ్వు, రేతస్సు, రక్తం, మజ్జ, మూత్రం, పురీషం, చీమిడి, చెవి గుబిలి, కఫం, కన్నీరు, కంటి పుసి, చెమట. మళ్లీ ఒకసారి చదవండి. కన్నీరు ఉంది. చెమట ఉంది. తిరుమలలో కులశేఖర పడి ఎదుట అర నిమిషం స్వామిని చూసి ఘొల్లుమని ఏడ్చేవాళ్లను ఎంతమందిని చూడలేదు? ఆ కళ్ల నుంచి కారేది కూడా ఆ పన్నెండులో ఒకటే. ఎవరైనా "మైలపడ్డావు, బయటికి నడు" అన్నారా? హోమం ముందు కూర్చున్న సోమయాజి ఒళ్లంతా చెమటే. అదీ ఆ పన్నెండులోదే.

అదే చోట ఇంకో మాట కూడా ఉంది, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నాభికి పైన ఉన్న రంధ్రాలు శుద్ధమైనవి, కిందివి కావు, దేహం నుంచి జారిపడిన మలాలు అశుద్ధం అంటాడు. జారిపడినవి. ఒంట్లో ఉన్నంతసేపూ మలానికి అశౌచం అంటగట్టలేదు. అలా కాకపోతే గుళ్లో అడుగుపెట్టే అర్హత ఎవరికీ ఉండదు. అర్చకస్వామి మూత్రాశయంలోనూ మూత్రం ఉంటుంది, మహా మడి కట్టుకున్న మడిసాల కట్టు బామ్మగారి కడుపులోనూ ఉంటుంది. ఎవరూ ఖాళీ కడవలా పూజకు కూర్చోరు.

మరి నా సంచి? అది ఒంట్లో ఉన్నట్టా, ఒంటి నుంచి జారిపడినట్టా?

ఈ ప్రశ్నకు శ్లోకంలో జవాబు ఉండదు, ఆ రోజుల్లో ఈ సంచి లేదు. మనమే ఆలోచించుకోవాలి. నేను జంధ్యం దగ్గర మొదలుపెట్టి ఆలోచించాను. చెవికి చుట్టుకోమన్నది మూత్రపిండం పనిచేస్తున్నందుకు కాదు. అది అందరికీ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మనిషి లేచి, పక్కకు వెళ్లి, విడిచిపెట్టి, కడుక్కుని వచ్చే పనికి ఆ నియమం పెట్టారు. నాకు ఆ పని ఇప్పటికీ ఉంది. సంచి మూడో వంతో, సగమో నిండగానే లేస్తాను, బాత్రూమ్‌లో కుళాయి తిప్పుతాను, కడుక్కుంటాను. విడిచిపెట్టడం అంటే నాకు అదే. అంతవరకూ ఆ సంచి నా మూత్రాశయం. తోలుతో కాక ప్లాస్టిక్‌తో చేసినది, లోపల కాక బయట ఉన్నది, అంతే తేడా. అందుకని ఖాళీ చేయడానికి వెళ్లేటప్పుడు జంధ్యం చెవికి చుట్టుకుంటాను, వచ్చి కాళ్లు చేతులు కడుక్కుని ఆచమనం చేస్తాను. మిగతా సమయమంతా అందరిలాగే ఉంటాను.

ఇది నాకు అనుకూలంగా తిప్పుకున్న వాదం అని ఎవరైనా అనవచ్చు. అన్నారు కూడా. వాళ్లకు మా సత్సంగంలో ఒక మాస్టారి సంగతి చెప్తాను. ఆయనకూ ఇదే జబ్బు. కానీ ఆయనకు బయట సంచి లేదు. పేగును ఇంకా పొడుగ్గా, అర మీటరు దాకా తీసుకుని, గుండ్రంగా కుట్టి, పాత మూత్రాశయం ఉన్నచోటే కొత్తది కట్టారు. నియోబ్లాడర్ అంటారు. అయితే మూత్రం ఆగేది కాదు, పగలూ రాత్రీ గుడ్డలు తడిసేవి. ఏడాదిన్నర చూసి ఆయనకు ఒక పరికరం లోపల అమర్చారు. మూత్రమార్గం చుట్టూ చిన్న పట్టీ, పొత్తికడుపులో నిమ్మకాయంత బెలూన్, వృషణాల సంచిలో చిన్న పంపు. మూడింటినీ సన్నటి గొట్టాలు కలుపుతాయి, లోపల ద్రవం. మామూలుగా పట్టీ బిగుసుకుని ఉంటుంది. చర్మం మీద నుంచే ఆ పంపును నొక్కితే పట్టీలోని ద్రవం బెలూన్‌లోకి వెళ్లి, పట్టీ వదులై మూత్రం వస్తుంది. రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే మళ్లీ బిగుస్తుంది. "వాకిలికి గొళ్లెం పెట్టించుకున్నానండీ" అంటారు మాస్టారు. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆయన తన ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే ఒక్కరూ ప్రశ్నించలేదు.

ఇప్పుడు చెప్పండి. ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఆయనకు ఆ ఆపరేషన్, నాకు ఈ ఆపరేషన్ ఎందుకు చేశారు? మూత్రపిండాలు ఎంత బాగున్నాయి, క్యాన్సర్ మూత్రమార్గం దాకా పాకిందా లేదా, వయసెంత, తర్వాత ఆ కొత్త మూత్రాశయాన్ని సొంతంగా చూసుకోగలడా, ఇవి చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. నా మూత్రపిండాలు అంత బాగా లేవు కాబట్టి నాకు సంచి వచ్చింది. నా పూజార్హత రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె మీద ఆధారపడుతుందా? అలా ఆధారపడే ధర్మాన్ని మన ఋషులు చెప్పి ఉంటారా? లోపల దాగింది కాబట్టి ఆయనకు శుచి, బయట కనబడింది కాబట్టి నాకు అశుచి అంటే, అది శౌచం గురించి మాట్లాడటం కాదు. నలుగురి కళ్ల గురించి మాట్లాడటం.

నన్ను ఓదార్చడానికి చాలామంది తిన్నడి కథ చెప్పారు. పుక్కిట నీళ్లు పట్టి తెచ్చి శివలింగం మీద ఉమ్మాడు, అభిషేకమైంది. మాంసం పెట్టాడు, నైవేద్యమైంది. చెప్పు కాలు లింగం మీద పెట్టి కన్ను పెకలించి ఇచ్చాడు. శ్రీకాళహస్తి వెళ్లిన ప్రతివాడికీ తెలిసిన కథే. మహా గొప్ప కథ. కానీ నిజం చెప్పనా, ఆ కథ నాకు అతకదు. తిన్నడికి నియమం తెలియదు. తెలియనితనమే అతని మడి. నాకు నియమం తెలుసు. తడిబట్టలతో మా అమ్మ వంట చేస్తుంటే గడప బయట నిలబడి పెరిగినవాణ్ణి. తెలిసినవాడు తెలియనట్టు నటిస్తే అది భక్తి కాదు, వేషం. కాబట్టి "భక్తి ఉంటే చాలు, నియమాలు ఎందుకు" అని ఈ చిక్కు దాటేయడం నాకు ఇష్టం లేదు. నియమం పట్టుకునే దాటాలి. దాటగలం కూడా. రోజూ పూజ మొదట్లో పుండరీకాక్షుణ్ణి తలుచుకుంటూ నీళ్లు చల్లుకుంటాం. ఏ అవస్థలో ఉన్నవాడైనా ఆయన్ను తలిస్తే లోపలా బయటా శుచి అవుతాడని ఆ శ్లోకం అర్థం. లోపల మాత్రమే అనలేదు, బయట కూడా అంది. దాన్ని నీళ్లు చల్లుకునే మంత్రంగా బట్టీపట్టాం, అర్థం చూసుకోలేదు.

వాదాలు ఎన్నైనా చెప్పుకోవచ్చు, ఇంట్లో పరీక్ష వేరేగా వచ్చింది. ఆపరేషన్ అయిన ఏడాది మా నాన్నగారి ఆబ్దికం. నేను పెద్దకొడుకుని. మా మేనత్త గారికి అప్పుడు ఎనభై రెండు. "ఈసారికి తమ్ముడి చేత పెట్టించరా. పితృకార్యం, తేలిక కాదు. ప్లాస్టిక్ సంచీతో మడేమిట్రా" అంది. కోపంతో అనలేదు, భయంతో అంది. ఆమె లోకంలో తప్పు జరిగితే పితృదేవతలు తినకుండా వెళ్లిపోతారు, వెళ్లిపోయేది ఆమె అన్నగారు. ఆ భయాన్ని నేను తేలిక చేయలేను. మా తమ్ముడు "నువ్వు ఎలా అంటే అలా అన్నయ్యా" అని ఊరుకున్నాడు.

నేను మా పురోహితుల ఇంటికి వెళ్లి అంతా విప్పి చెప్పాను. చొక్కా ఎత్తి చూపించాను కూడా. ఆయన శ్లోకం చదవలేదు. "ఒక్కసారి ఖాళీ చేసుకుంటే ఎంతసేపు కూర్చోగలరు?" అని అడిగారు. రెండు గంటలు ఢోకా లేదన్నాను. "భోక్తల కాళ్లు కడగక ముందు ఒకసారి వెళ్లి రండి. పిండాలకు కూర్చునే ముందు ఇంకోసారి. మధ్యలో తప్పనిసరైతే లేవండి, కాళ్లు కడుక్కుని ఆచమనం చేసి వచ్చి కూర్చోండి. షుగరు ఉన్న కర్తలు మధ్యలో లేవట్లేదా? వాళ్లకు చెప్పేదే మీకూ చెప్తున్నా" అన్నారు. నాకు కొత్త నియమం ఏదీ పెట్టలేదు, పాత నియమం సడలించనూ లేదు. ఆ మాటతో నా మనసు కుదుటపడినట్టు అంతకుముందు చదివిన ఏ గ్రంథంతోనూ పడలేదు. ఆబ్దికం నేనే పెట్టాను. మేనత్త ఆ రోజు వచ్చింది, వసారాలో కూర్చుని అంతా చూసింది, భోజనం మాత్రం చేయలేదు. మరుసటి ఏడు చేసింది. ఎందుకు మారిందో అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక కర్మ మాట. "ఏ జన్మలో ఏం చేశావో" అని మొహం మీదే అన్నవాళ్లు ఉన్నారు. ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకు. పొగలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రపిండాలు వడగట్టి, మూత్రాశయంలో నిలవ ఉంటాయి. గోడకు గంటల తరబడి ఆ స్నానమే. నేను చుట్టా బీడీ ముట్టినవాణ్ణి కాను. ముట్టనివాళ్లకు కూడా వస్తుంది. రెండో పెద్ద కారణం రంగుల తయారీలో వాడిన కొన్ని రసాయనాలు. జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ 1895లోనే రంగుల ఫ్యాక్టరీ కూలీలకు ఈ కణితులు వస్తున్నాయని బయటపెట్టాడు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అలాంటి రసాయనాలను వాడుతూనే వచ్చారు. ఆ కూలీలది ఏ జన్మ కర్మ? తెలిసీ ఆపనివాళ్ల ఈ జన్మ కర్మను వదిలేసి, జబ్బుపడ్డవాడి పూర్వజన్మను తవ్వడం ఏం ధర్మమండీ? కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. అది ఎవరిది వాళ్లు చూసుకోవడానికి ఇచ్చిన అద్దం, పక్కవాడి మొహం మీద విసరడానికి కాదు. జబ్బు మంచం పక్కన నిలబడి ఆ మాట అనేవాడికి శౌచం గురించి మాట్లాడే అర్హత లేదని నా అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

ఇంకొందరి ప్రశ్న వేరు. వచ్చింది అనుభవించాలి గానీ, లోపల యంత్రాలు పెట్టించుకుని తప్పించుకోవచ్చా అని. ఋగ్వేదంలో విశ్పల కథ ఉంది. యుద్ధంలో కాలు తెగిపోతే అశ్వినీ దేవతలు ఆమెకు లోహపు కాలు పెట్టి మళ్లీ నడిపించారు. మనకు అప్పుడే ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయని చెప్పడానికి ఇది ఎత్తలేదు, అలాంటి గొప్పలు నాకు గిట్టవు. కాలు పోయింది కదా, అనుభవించు అని దేవతలు కూడా అనలేదు, అంతే నేను చెప్పేది.

ఇదే వరసలో ఒక సంగతి, పెద్దలు క్షమించాలి, చెప్పక తప్పదు. ఈ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిని చాలామంది మగవాళ్లకు దాంపత్య జీవితం పోతుంది. దానికీ లోపల అమర్చే పరికరాలు ఉన్నాయి. యాభై రెండేళ్ల ఆయన ఒకరు నన్ను విడిగా అడిగారు, "ఇంత పెద్ద జబ్బు నుంచి బతికి బయటపడి, ఇంకా అది కావాలనుకోవడం పాపమా?" అని. ధర్మానికి అడ్డురాని కామం నేనే అన్నాడు గీతలో కృష్ణుడు. పురుషార్థాలు నాలుగు, మూడు కాదు. భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని, డాక్టరును అడిగి, కావాలనుకుంటే చేయించుకోవచ్చు, వద్దనుకుంటే మానవచ్చు. వద్దనుకోవడం కూడా వైరాగ్యమే కానక్కర్లేదు, అలసట కావచ్చు. అలసటకు వైరాగ్యం అని పేరు పెట్టుకోవద్దని మాత్రం చెప్పాను. భార్యతో మాట్లాడారా అంటే లేదన్నారు. ముందు అది చేయండి అన్నాను.

రమణ మహర్షి గారికి 1949లో ఎడమ చేతి మీద సార్కోమా. ఆ ఏడాదిలో మళ్లీ మళ్లీ కోశారు, మళ్లీ మళ్లీ వచ్చింది. పుండు, రక్తం, కట్లు. దర్శనం మాత్రం ఆపనివ్వలేదాయన. 1950 ఏప్రిల్‌లో దేహం చాలించేదాకా జనం వరసగా వచ్చి చూస్తూనే ఉన్నారు. ఆ చేతి కట్టు చూసి, ఈయన దగ్గర మైల ఉందని ఎవరైనా దూరం జరిగారా?

ఇక రోజువారీ మాటలు కొన్ని. ఆ అమ్మ భర్త గారి కోసమూ, ఆయనలాంటి మిగతావాళ్ల కోసమూ.

ఆపరేషన్ ఇంకా కానివాళ్లు, సంచి ఎక్కడ రావాలో ముందురోజు పొట్ట మీద గుర్తు పెట్టేటప్పుడు నర్సుకు మీ అలవాట్లు చెప్పండి. నేను పంచె కట్టి, మఠం వేసుకుని కూర్చుని, ముందుకు వంగి చూపించాను. ముడి దాని మీద పడకుండా, పొట్ట మడతలోకి పోకుండా గుర్తు పెట్టారు. మొలతాడు కూడా లెక్కలోకి తీసుకోమనండి. సంచి మార్చుకోవడం నాలుగైదు రోజులకు ఒకసారి. తెల్లవారుజామున నీళ్లు తాగకముందు అయితే ధార తక్కువగా ఉంటుంది, స్నానానికి ముందు ఆ పని అయిపోతుంది. అంటించే బిళ్లల్లో కొన్నింటిలో జెలటిన్ ఉంటుందని ఒకరు బాధపడ్డారు. లేనివి దొరికితే వాడండి, దొరక్కపోతే అది మందు, ఆహారం కాదు.

మాస్టారి లాంటి పరికరం ఉన్నవాళ్లు ఆ కార్డు ఎప్పుడూ జేబులో పెట్టుకోండి. ఎప్పుడైనా ఏ ఆస్పత్రిలోనైనా గొట్టం వేయబోతే ముందు ఆ సంగతి చెప్పాలి, పట్టీని వదులు చేసి ఆపకుండా గొట్టం తోస్తే లోపల దెబ్బతింటుంది.

ఏకాదశికి నిర్జలం వద్దు. మన లాంటివాళ్లు రోజుకు 2 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు తాగాలని డాక్టర్లు చెప్తారు. నీళ్లు తగ్గితే ఇన్ఫెక్షను, రాళ్లు, ఉన్న మూత్రపిండాలకే ముప్పు. శరీరమే ధర్మానికి మొదటి పనిముట్టు అన్న మాటను ఉపనిషత్తులోది అనుకుంటారు చాలామంది. అది కాళిదాసు కుమారసంభవంలోది. ఆకు కూడా తినకుండా తపస్సు చేస్తున్న పార్వతితో, మారువేషంలో వచ్చిన శివుడు అంటాడు. ఉపవాసం ఎవరి కోసం చేస్తున్నామో ఆయనే అడిగిన మాట అది.

సాష్టాంగ నమస్కారం నాకు ఇప్పుడు కుదరదు. బోర్లా పడుకుంటే సంచి నలుగుతుంది, పొట్ట కండ మీద బరువు పడకూడదు. ఆడవాళ్లు చేసే పంచాంగ నమస్కారమే నేనూ చేస్తున్నాను, మోకాళ్లూ చేతులూ నుదురూ నేలకు ఆనించి. మొదటిసారి అలా వంగినప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. ముప్ఫై నాలుగేళ్లలో ఇద్దరం ఒకే తీరున నమస్కారం పెట్టడం అదే మొదలు. తల ఎత్తి నా వైపు చూసి, "మోచేతులు ఇంకాస్త దగ్గరికి" అంది.